మూడు రంగుల వాదన: నైటింగేల్ గీసిన మరణాల పటం

ఒక కథనో కవితనో పట్టుకుని, ఇది ఎక్కడ నిలబడింది, ఎక్కడ జారిపోయింది అని మాట్లాడుకోవడం మనకి అలవాటే. ఇన్ఫోగ్రాఫిక్ గురించి అలా మాట్లాడుకోవడం మాత్రం తక్కువ. ‘బాగుంది’ అంటాం, ‘రంగులు కుదిరాయి’ అంటాం, పక్కవాళ్ళకి పంపిస్తాం. కానీ అంకెలతో గీసిన బొమ్మ కూడా ఒక రచనే. దానికీ ఒక కథకుడుంటాడు, ఒక దృష్టికోణం ఉంటుంది, చెప్పిన విషయాలతో పాటు చెప్పకుండా వదిలేసిన విషయాలూ ఉంటాయి. కథలో కథకుణ్ణి అనుమానించడం నేర్చుకున్న పాఠకులు కూడా గ్రాఫ్ కనపడగానే అది నిజం కాబోలు అనుకుని ఊరుకుంటారు. అందుకని ఒక పటాన్ని పుస్తకాన్ని చదివినట్టు చదివి చూద్దామని ఈ ప్రయత్నం.

నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లో. డాష్‌బోర్డులు, చార్టులు తయారుచెయ్యడం నా రోజువారీ పనిలో ఒక భాగం. ఎవరైనా ఇన్ఫోగ్రాఫిక్ కావాలని అడిగినప్పుడు మొదటి సంభాషణ దాదాపు ఎప్పుడూ రూపం గురించే నడుస్తుంది: పై చార్టా, బార్లా, ఏ రంగులు, ఏ టూల్. డేటా దొరికింది కదా, ఇక మిగిలింది ముస్తాబే అన్నట్టు. నిజానికి ముఖ్యమైన నిర్ణయాలన్నీ అంతకు ముందే జరగాలి. ఎవరి కోసం, ఏ ప్రశ్నకి జవాబుగా, దేన్ని దేనితో పోల్చి, ఏ పేర్లతో విడగొట్టి, ఏ కొలతలో చెబుతున్నాం అన్నవి. ఇవి మనం తీసుకోకపోతే ఆగిపోవు, టూల్ మన బదులు తీసుకుంటుంది. ఈ నిర్ణయాలన్నీ విడివిడిగా కనపడే ఉదాహరణ కోసం వెతికితే నాకు దొరికింది ఫ్లారెన్స్ నైటింగేల్ 1858లో అచ్చువేయించిన పటం. చాలా పేరున్న పటం. డేటా గురించి రాసిన ప్రతి రెండో పుస్తకంలోనూ ఉంటుంది. అంత పేరుండటం వల్లే కాబోలు, దాన్ని మెచ్చుకున్నంతగా ఎవరూ దానితో పేచీ పెట్టుకోరు.

దీపం తర్వాత

మన చిన్నప్పటి పాఠాల్లో నైటింగేల్ అంటే రాత్రిపూట దీపం పట్టుకుని క్షతగాత్రుల మంచాల మధ్య నడిచే తల్లి. ఆ పాఠం 1856తో అయిపోతుంది. ఆమె అసలు పని అక్కడే మొదలవుతుంది.

క్రిమియా యుద్ధంలో బ్రిటన్, ఫ్రాన్స్, ఆటోమన్ సామ్రాజ్యం ఒక పక్క, రష్యా ఇంకో పక్క. 1854 నవంబరులో నైటింగేల్ 38 మంది నర్సులతో ఇస్తాంబుల్‌కి ఎదురుగా ఉన్న స్కుటారీ ఆస్పత్రికి చేరింది. ఆ చలికాలంలో అక్కడ జనం చచ్చిపోయింది తుపాకీ గుళ్ళకి కాదు. విరేచనాలు, టైఫస్, కలరా, కిక్కిరిసిన వార్డులు, కింద పూడుకుపోయిన మురుగు కాలవలు. 1856లో ఇంగ్లండుకి తిరిగొచ్చాక ఆమె పట్టుదల అంతా ఒకటే: ఇది మళ్ళీ జరక్కూడదు. 1857లో సైన్యం ఆరోగ్యం మీద సిడ్నీ హెర్బర్ట్ అధ్యక్షతన రాయల్ కమిషన్ ఏర్పడింది. ఆడమనిషి కాబట్టి అందులో ఆమె సభ్యురాలు కాదు. కానీ కమిషన్ వెనక అంకెల పని చాలావరకు ఆమెదే. ఆమెకి తోడు విలియం ఫార్. ఇంగ్లండులో జనన మరణాల లెక్కలు చూసే కార్యాలయంలో గణాంకవేత్త ఆయన.

ఈ ఇద్దరికీ ఒక విషయంలో పొసగలేదు. గణాంకాలు ఎంత పొడిగా ఉంటే అంత మంచిదని ఫార్ నమ్మకం. మంత్రులు, రాణి, పత్రికల వాళ్ళు పట్టికలు చదవరని నైటింగేల్‌కి తెలుసు. మాటలు చెవికెక్కని వాళ్ళకి కంటి దారినైనా విషయం ఎక్కించాలని ఆమె ఉద్దేశం. మొదటి నిర్ణయం ఇది, ఎవరి కోసం అన్నది. ఆ తర్వాతవన్నీ దీని నుంచే వచ్చాయి.

పటంలో ఏముంది

చూడనివాళ్ళ కోసం కొంచెం వర్ణిస్తాను. కాగితం మీద పువ్వుల్లాంటి రెండు బొమ్మలు. ఒక్కో పువ్వులో పన్నెండు రేకులు, నెలకొకటి. కుడివైపు పెద్ద పువ్వు 1854 ఏప్రిల్ నుంచి 1855 మార్చి వరకు. ఎడమవైపు చిన్నది 1855 ఏప్రిల్ నుంచి 1856 మార్చి వరకు. రెండింటినీ ఒక చుక్కల గీత కలుపుతుంది. ప్రతి రేకులోనూ మూడు రంగులు: గాయాలతో పోయినవాళ్ళు ఎరుపు, ఇతర కారణాలు నలుపు, నివారించగలిగిన రోగాలు నీలం. చూడగానే తెలిసేది ఒక్కటే. నీలం అంతా మింగేసింది. కుడిపక్క పువ్వు ఒకవైపుకి విపరీతంగా ఉబ్బిపోయింది. ఎడమపక్కది ముడుచుకుపోతూ వచ్చింది.

మొత్తం 24 నెలల్లో నీలం రంగు మరణాలు పద్నాలుగు వేలకు పైన, ఎరుపు పదిహేడు వందలకు పైన. ఈ 24 నెలల్లో గాయాల మరణాలు రోగాల మరణాల్ని దాటింది ఒకే ఒక్క నెల, సెవస్టపోల్ మీద చివరి దాడి జరిగిన 1855 సెప్టెంబరు. అప్పుడు 276 మంది గాయాలతో పోతే 189 మంది రోగాలతో పోయారు. యుద్ధం అనే మాటకి మన మనసులో ఉన్న బొమ్మ ఆ ఒక్క నెలకే సరిపోతుంది.

పేరు పెట్టడం

ఈ పటంలో అన్నిటికన్నా బలమైన నిర్ణయం ఆకారంలో లేదు, నీలం రంగుకి పెట్టిన పేరులో ఉంది. ఆ రోజుల్లో ఇలాంటి జబ్బుల్ని ‘జైమోటిక్’ అనేవాళ్ళు. ఫార్ వాడుకలోకి తెచ్చిన మాట, ఒంట్లో ఏదో పులిసినట్టయి వచ్చే జబ్బులని అర్థం. నైటింగేల్ అక్కడితో ఆగలేదు. ‘నివారించదగ్గ, లేదా తగ్గించదగ్గ’ అని ముందొక విశేషణం తగిలించింది. ఆ విశేషణంతో నీలం రంగు అర్థమే మారిపోయింది. ‘రోగాలతో పోయారు’ అంటే విధి. ‘నివారించదగ్గ రోగాలతో పోయారు’ అంటే నివారించాల్సినవాడు ఒకడున్నాడు, నివారించలేదు. రంగుపెట్టె కింద చిన్న అక్షరాల్లో ఉన్న వివరణ వార్ ఆఫీసు మీద నేరారోపణ అయింది.

వర్గీకరణ అంటే అరల్లో సర్దడం అని మనం అనుకుంటాం. ఏ అర ఎక్కడ పెట్టాలి, దానికి ఏం పేరు రాయాలి అన్నదే అసలు వాదన. మన దగ్గర రోడ్డు ప్రమాదాల లెక్కల్నే ఊహించుకోండి. ‘డ్రైవర్ నిర్లక్ష్యం’ అని ఒక అర పెడితే బొమ్మ ఒకటి చెబుతుంది. అవే చావుల్ని ‘డివైడర్ లేని రోడ్డు’, ‘దీపాలు లేని మలుపు’ అని విడగొడితే ఇంకొకటి చెబుతుంది. రెండూ నిజమైన అంకెలే. ఎవర్ని నిలదీస్తున్నాం అన్నది మాత్రం మారిపోతుంది. అందుకే మంచి ఇన్ఫోగ్రాఫిక్ మీద పనిచేసేవాళ్ళు గీయడం కన్నా ఎక్కువసేపు అరల పేర్ల మీద కూర్చోవాలి అంటాను.

ఇక్కడ ఒక విచిత్రం కూడా ఉంది. అప్పటికి క్రిముల సిద్ధాంతం ఇంకా స్థిరపడలేదు. చెడుగాలి, కుళ్ళు, ఇరుకు వల్లే జబ్బులొస్తాయని నైటింగేల్ నమ్మింది. కారణం పూర్తిగా సరైంది కాదు. చెయ్యమన్న పనులు మాత్రం సరైనవే: కాలవలు కడగండి, కిటికీలు తెరవండి, మంచాల మధ్య దూరం ఉంచండి.

కొలత

రెండో గట్టి నిర్ణయం కొలత. ఆమె చనిపోయినవాళ్ళ సంఖ్యని నేరుగా గీయలేదు. సైన్యం ప్రతి నెలా ఒకేలా లేదు. 1854 ఏప్రిల్లో ఎనిమిదిన్నర వేల మంది, 1855 సెప్టెంబరుకి 47 వేల పైచిలుకు. అందుకని ప్రతి నెలకీ, వెయ్యిమందికి ఏడాదికి ఎందరు అనే రేటు కట్టింది. 1855 జనవరిలో సైన్యం 32,393 మంది, ఆ నెలలో నివారించదగ్గ రోగాలతో పోయినవాళ్ళు 2,761 మంది. దీన్ని ఏడాది రేటుగా మారిస్తే వెయ్యికి 1,022.8 వస్తుంది. వెయ్యికి వెయ్యి దాటడం ఏమిటని మొదట నేనూ ఆగిపోయాను. అదే జోరు పన్నెండు నెలలు సాగి, పోయినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు వస్తూ ఉంటే, సైన్యం మొత్తం ఒకసారి ఖాళీ అయి ఇంకా కొంతమంది పోతారన్నమాట. 2,761 అనే అంకె ఈ సంగతి చెప్పలేదు. దాన్ని దేనితో భాగించామన్నదే దానికి అర్థం ఇస్తుంది.

భాగహారం మర్చిపోయిన బొమ్మలు మనం 2020, 2021లో కావల్సినన్ని చూశాం. జిల్లాల వారీగా కేసులకి రంగులు నింపిన మ్యాపు గీస్తే హైదరాబాద్ ముదురు రంగులో ఉంటుంది. జబ్బు అక్కడ ఎక్కువుండవచ్చు, జనమే ఎక్కువుండవచ్చు. రెండింట్లో ఏదో ఆ మ్యాపు చెప్పదు. అలాగే మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా కూడుకుంటూ వచ్చిన మొత్తం కేసుల గీత ఎప్పటికీ కిందకి దిగదు, జబ్బు తగ్గిపోయినా సరే. భయపెట్టాలనుకుంటే ఆ గీత, పరిస్థితి తెలుసుకోవాలనుకుంటే రోజువారీ గీత. ఏ ప్రశ్నకి జవాబు చెబుతున్నాం అన్నది తేల్చుకోకుండా గీస్తే జరిగేది ఇదే.

ఆకారం

ఇప్పుడు పువ్వు దగ్గరకొద్దాం. నా పేచీ ఇక్కడ మొదలవుతుంది.

ఆమె మొదట గీయించిన రూపంలో అంకె విలువని కేంద్రం నుంచి గీసిన గీత పొడవుగా చూపించింది. ఆ గీతల కొసలు కలిపితే గబ్బిలం రెక్కల్లాంటి ఆకారం వచ్చింది. చిక్కేమిటంటే, మన కన్ను గీతని చూడదు, రంగు నింపిన జాగాని చూస్తుంది. పొడవు రెట్టింపయితే జాగా నాలుగు రెట్లవుతుంది. 1855 జనవరిలో రోగాల రేటు 1,022.8, గాయాల రేటు 30.7. నిజంగా తేడా 33 రెట్లు. పొడవుతో గీస్తే జాగాలో తేడా వెయ్యి రెట్లు దాటుతుంది. ఇది పొరపాటని గుర్తించి ఆమె సవరణ చీటీ పెట్టించింది. తర్వాత రేకు వైశాల్యమే విలువకి సరిపోయేట్టు కొత్త పటం గీయించింది. ఇవాళ మనందరికీ తెలిసిన పువ్వు అదే. తన వాదనకి మేలుచేసే అతిశయోక్తిని తానే తీసేసిన మనిషి ఆమె. ఈ ఒక్క సంగతికే నాకు ఆమె మీద గౌరవం రెట్టింపయింది.

సవరించిన పువ్వులో ఇబ్బంది రెండోవైపు నుంచి వస్తుంది. వైశాల్యం 33 రెట్లు కావాలంటే పొడవు ఆరు రెట్ల కన్నా కాస్త తక్కువ చాలు. పొడవు చూసేవాడికి తేడా ఆరు రెట్లలా కనపడుతుంది, జాగా చూసేవాడికి 33 రెట్లు. అసలు మనం వైశాల్యాల్ని పోల్చడంలో చాలా వెనకబడ్డ జీవులం. ఒకే నేల మీద నిలబెట్టిన కడ్డీల కొసల్ని పోల్చడం మనకి తేలిక, వైశాల్యాల్ని పోల్చడం కష్టం అని క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో ప్రయోగాలతో చూపించారు. అంటే మొదటి బొమ్మ ఎక్కువ చేసి చెప్పింది, రెండోది నిజాయితీగా చెప్పినా మన కంటికి తక్కువ చేసి అందుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మూడు రంగులు ఒకదాని మీద ఒకటి పేర్చినవి కావు. మూడూ కేంద్రం నుంచే కొలిచినవి, ఒకదాని మీద ఒకటి పరిచినవి. కొన్ని నెలల్లో రెండు రంగులు దాదాపు కలిసిపోతాయి. 1854 అక్టోబరులో గాయాలు 132, ఇతర కారణాలు 128. అందుకని ఫలానా నెలలో ఫలానా రంగు ఫలానా రంగుతో కలిసిపోయిందని పటం పక్కన ప్రత్యేకంగా రాయాల్సొచ్చింది. పైగా మొదటి ఏడాది కుడివైపున, రెండోది ఎడమవైపున ఉంది. ఎడమ నుంచి కుడికి చదివేవాళ్ళకి కాలం వెనక్కి నడుస్తున్నట్టుంటుంది. బొమ్మని ఎలా చదవాలో చెప్పడానికి ఒక పేరా కావల్సొచ్చిందంటే ఆకారం కొంత ఓడిపోయినట్టే.

పువ్వుకి అనుకూలంగా ఒక మంచి మాట ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. రెండు పువ్వుల్లోనూ జనవరి ఒకే దిక్కున ఉంటుంది. కాబట్టి చలికాలాన్ని చలికాలంతో పోల్చవచ్చు. 1855 జనవరిలో 2,761 మంది పోతే 1856 జనవరిలో పోయింది 42 మంది, అదీ సైన్యం 44 వేలు దాటిన రోజుల్లో. ఏడాది గుండ్రంగా తిరుగుతుంది, రుతువులు మళ్ళీ వస్తాయి అన్న భావన ఆ ఆకారంలో ఉంది. ఈ పోలికే ఆమె చేతిలో ఉన్న బలమైన సాక్ష్యం. వృత్తం ఎన్నుకోవడానికి అలంకారం కాని కారణం కూడా ఉందన్నమాట.

కోత

ఒక ఆదివారం ఆ 24 నెలల పట్టికని స్ప్రెడ్‌షీట్లోకి ఎక్కించి మామూలు గీత గ్రాఫ్ గీశాను. కింద నెలలు, పక్కన రేటు. పువ్వులో నాకెప్పుడూ కనపడనిది అందులో వెంటనే కనపడింది.

పటంలో పెద్ద పువ్వు 1855 మార్చితో ఆగుతుంది, చిన్న పువ్వు ఏప్రిల్‌తో మొదలవుతుంది. ఈ కోత యథాలాపంగా పడింది కాదు. సదర్లాండ్, రాలిన్‌సన్ ఉన్న పారిశుధ్య బృందం స్కుటారీ చేరింది 1855 మార్చి మొదట్లో. వాళ్ళు కాలవలు కడిగించారు, గాలి ఆడేట్టు చేశారు. కాబట్టి ఒక పువ్వు ‘ముందు’, ఇంకోటి ‘తర్వాత’. చూసినవాడి మనసులో వాక్యం దానంతటదే పూర్తవుతుంది: శుభ్రం చేశారు, చావులు తగ్గాయి.

గీత గ్రాఫ్ ఇంత శుభ్రంగా మాట్లాడదు. జనవరిలో 2,761, ఫిబ్రవరిలో 2,120, మార్చిలో 1,205, ఏప్రిల్లో 477. రేట్లుగా చూస్తే దాదాపు 1,023, 823, 480, 177. శిఖరం జనవరి. బృందం రాకముందే గీత దిగడం మొదలుపెట్టింది. చలి తగ్గడం, ఆస్పత్రిలో రద్దీ మారడం, సరుకులు అందడం లాంటివి కూడా ఇందులో పాలు పంచుకుని ఉండవచ్చు. రెండో చలికాలానికి సెవస్టపోల్ ముట్టడి కూడా అయిపోయింది, నెలల తరబడి కందకాల్లో నానే బాధ లేదు. ముందు ఏడాది నవంబరు 14న వచ్చిన తుఫానులో బలక్లావా దగ్గర సరుకుల ఓడలు మునిగిన లాంటి ఉపద్రవమూ లేదు. శుభ్రత పనిచెయ్యలేదని నేను అనడం లేదు. అది ఎంతవరకు పనిచేసిందో ఈ పటం తేల్చలేదని, తేల్చినట్టు కనపడుతుందని మాత్రమే అంటున్నాను.

రెండు పువ్వుల మధ్య ఉన్న ఆ ఖాళీ తెల్లకాగితం మీద ఒక్క అంకె కూడా లేదు. అయినా పటంలో అన్నిటికన్నా గట్టిగా మాట్లాడేది అదే. మన కాలపు ఇన్ఫోగ్రాఫిక్స్‌లో కూడా వాదనలు చాలావరకు ఇలాంటి ఖాళీల్లోనే దాక్కుంటాయి: అక్షం సున్నా దగ్గర కాకుండా ఎక్కడ మొదలయింది, గ్రాఫ్ ఏ సంవత్సరం నుంచి మొదలుపెట్టారు, ఏ సంవత్సరం దగ్గర గీత గీసి ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ అన్నారు. ఒక ప్రభుత్వం వచ్చిన తేదీ దగ్గర కోసిన ఏ బొమ్మనైనా నేను ఇప్పుడు కోత కుట్టేసి మళ్ళీ చూస్తాను.

పువ్వు కన్నా గీతలు

అదే కాలంలో నైటింగేల్ ప్రచురించిన ఇంకో పటం ఉంది. దాని పేరు ‘లైన్స్’, అంటే గీతలు. ఎవరూ పోస్టర్లుగా అచ్చేసుకోరు దాన్ని. ఒక కాగితం మీద అడ్డంగా ఎనిమిది కడ్డీలు, జంటలు జంటలుగా. ప్రతి జంటలో ఒక కడ్డీ ఇంగ్లండులో మామూలు మగవాళ్ళ మరణాల రేటు, రెండోది అదే వయసు సైనికులది. యుద్ధంలో కాదు, స్వదేశంలో, శాంతి కాలంలో, బారకాసుల్లో ఉన్న సైనికులది.

20–25 ఏళ్ళ వయసులో వెయ్యికి మామూలు మగవాళ్ళు 8.4, సైనికులు 17.0. 25–30లో 9.2, 18.3. 30–35లో 10.2, 18.4. 35–40లో 11.6, 19.3. ఇంతే బొమ్మ.

నా ఉద్దేశంలో పువ్వు కన్నా ఇదే గొప్ప పటం. యుద్ధంలో చావులంటే ఎవరైనా ఏదో ఒక సాకు చెప్పగలరు: శత్రువు, చలి, తుఫాను, దూరం. ఇక్కడ ఏ సాకూ లేదు. డాక్టర్లు పరీక్ష చేసి, గట్టివాళ్ళని ఏరి తీసుకున్న కుర్రాళ్ళు వీళ్ళు. మరీ జబ్బుపడితే సైన్యం నుంచి పంపించేస్తారు కాబట్టి ఆ చావులు సైన్యం లెక్కలోకి కూడా రావు. అంటే మామూలు జనం కన్నా వీళ్ళ రేటు తక్కువ ఉండాలి. కుర్రవయసులో రెట్టింపు ఉంది. ఆమె ఒక ఉత్తరంలో దీన్నే ఇంకోలా చెప్పింది: ఏటా 1,100 మందిని సాలిస్‌బరీ మైదానంలోకి తీసుకెళ్ళి కాల్చెయ్యడం ఎంత నేరమో ఇదీ అంత నేరమే అని.

ఆకారంలో కొత్తదనమేమీ లేదు. కడ్డీల పటాన్ని ప్లేఫెయిర్ 1786లోనే గీశాడు. కొత్తదనమంతా పోలికలో ఉంది. సైనికుడి పక్కన ఎవర్ని నిలబెట్టాలి? ఇంకో యుద్ధంలో సైనికుణ్ణా, ఫ్రెంచి సైనికుణ్ణా, ఇంటి దగ్గరున్న అతని వయసువాణ్ణా? ఈ ప్రశ్నకి సరైన జవాబు దొరికాక గీయడానికి ఇక ఎనిమిది కడ్డీలు చాలు. ఆ జవాబు దొరకనప్పుడే మనం బొమ్మని సాగదీస్తాం, తిప్పుతాం, ఐకాన్లు అతికిస్తాం. పువ్వు చూడగానే పటం అందంగా ఉందనిపిస్తుంది. గీతలు చూస్తే ఆ కుర్రాళ్ళు ఎందుకు పోతున్నారని అడగాలనిపిస్తుంది. ఇన్ఫోగ్రాఫిక్ ఫలించిందా లేదా అన్నదానికి ఇంతకన్నా మంచి కొలమానం నాకు తెలీదు.

మన దేశం లెక్కలు

ఈ కథలో మనకి సంబంధించిన భాగం కూడా ఉంది. 1859లో హిందూదేశంలోని సైన్యం ఆరోగ్యం మీద ఇంకో రాయల్ కమిషన్ వేశారు. దేశమంతటా ఉన్న కంటోన్మెంట్లకి ప్రశ్నావళులు వెళ్ళాయి: నీళ్ళు ఎక్కణ్ణుంచి, మురుగు ఎక్కడికి, ఒక్కో మనిషికి పడుకోవడానికి ఎంత చోటు. వచ్చిన జవాబుల గుట్టల్ని చదివి నైటింగేల్ తన పరిశీలనలు రాసింది. అవి 1863లో వెలువడ్డాయి. ఇక్కడ ఆమె పువ్వులు గీయించలేదు. ఇక్కడి నీళ్ళ సరఫరా, మురుగు పోయే పద్ధతులు ఎలా ఉన్నాయో చూపించే బొమ్మలు చెక్కించి వేయించింది. కారణం ఊహించవచ్చు. లండన్‌లో కూర్చున్నవాడికి వెయ్యికి 69 మంది పోతున్నారన్న అంకె అర్థమవుతుంది. నీళ్ళు తోలుసంచిలో మోసుకొస్తారన్న సంగతే ఊహకి అందదు. తెలియనిది అంకె అయినప్పుడు పటం, తెలియనిది దృశ్యం అయినప్పుడు బొమ్మ. 1873లో ఆమె మళ్ళీ రాసినప్పుడు ఆ 69 పక్కన 18 అనే కొత్త అంకె పెట్టింది. రెండు అంకెలు చెప్పడానికి ఏ పటమూ అక్కర్లేదు, ఆమె గీయలేదు కూడా.

తర్వాత ఆమె దృష్టి సైనికుల నుంచి రైతుల మీదకి మళ్ళింది. 1876–78 మద్రాసు కరువు రోజుల్లో నీటిపారుదల కోసం గట్టిగా వాదించినవాళ్ళలో ఆమె ఒకరు. ఆ వాదనలో ఆమెకి తోడు గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొర. కాలవలకి ఖర్చెంత, కరువుకి ఖర్చెంత అని పక్కపక్కన పెట్టి చూపించడమే కాటన్ జీవితమంతా చేసిన వాదన కూడా. ఇక్కడా అదే ప్రశ్న: దేని పక్కన దేన్ని పెడుతున్నాం.

పట్టిక

ఇంత పేచీ పెట్టుకోవడం నాకు ఎలా వీలయిందో చెప్పి ముగిస్తాను. నైటింగేల్ పటాన్ని మాత్రమే ఇచ్చి ఊరుకోలేదు. ప్రతి నెలా సైన్యం ఎంత, ఏ కారణంతో ఎందరు పోయారు, ఏడాది రేటు ఎంత అన్నది పూర్తి పట్టికగా కూడా అచ్చువేయించింది. జనవరికీ ఫిబ్రవరికీ మధ్యే గీత దిగడం మొదలైందని నేను చెప్పగలిగానంటే అది ఆ పట్టిక పుణ్యమే. తన బొమ్మ మీద పోట్లాడటానికి కావల్సిన సరంజామా అంతా తానే పాఠకుడి చేతికిచ్చింది. 160 ఏళ్ళ తర్వాత ఎక్కడో ఒక ఇంజనీరు ఖాళీ దొరికిన ఆదివారం ఆ పని చేస్తాడని ఆమె అనుకుని ఉండదు. వార్ ఆఫీసులో ఎవరో ఒకరు చేస్తారని మాత్రం తప్పకుండా అనుకునుంటుంది.

ఇవాళ ఫోన్‌కి వచ్చే ఇన్ఫోగ్రాఫిక్స్‌లో తొంభై పాళ్ళు దీనికి వ్యతిరేకం. అడుగున చిన్న అక్షరాల్లో ‘ఆధారం: ప్రభుత్వ గణాంకాలు’ అని ఉంటుంది. ఏ ప్రభుత్వం, ఏ సంవత్సరం, ఏ పట్టిక అన్నది ఉండదు. నమ్మితే నమ్మాలి, లేకపోతే ఊరుకోవాలి, తిరిగి గీసి చూసే దారి లేదు. అందుకని కొత్తగా ఈ పని నేర్చుకుంటున్నవాళ్ళు అడిగినప్పుడు నేను రంగుల గురించి మాట్లాడను. ముందు పట్టిక తయారుచెయ్యండి, అరలకి పేర్లు పెట్టండి, దేనితో భాగించారో రాయండి, దేనితో పోలుస్తున్నారో ఒక వాక్యంలో చెప్పండి. ఎక్కడ కోశారో, అక్కడే ఎందుకు కోశారో కూడా చెప్పండి. ఆ తర్వాత మీకు నచ్చిన ఆకారం గీసుకోండి, పువ్వయినా సరే. పట్టిక మాత్రం పక్కనే ఉంచండి, మీతో పోట్లాడాలనుకునేవాడికి అందేంత దగ్గరలో.